గట్టు మీద బూట్లు

పోటు మధ్యాహ్నం మొదలవుతుందనీ, అంతకు ముందే పిల్లలందరూ బస్సులో ఉండాలనీ టీచరమ్మ దారిలోనే రెండుసార్లు చెప్పింది. ఒకసారి పిల్లలకు, ఒకసారి నాకు. నాకు చెబుతూ, "మీకు నేను చెప్పుడేందమ్మా, మీది సముద్రం పక్క ఊరే గద" అని నవ్వింది. ఆమెది హైదరాబాదు. వయసులో నా కూతురంత ఉంటుంది. నాకు నవ్వు రాలేదు. పిల్లల్ని మడ అడవికి తీసుకెళ్తున్నామని విన్న దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు.

మాది గోదావరి సముద్రంలో కలిసే వైపు. ఇంటి ముందు కాలవ, ఊరి వెనక మడ అడవి. చిన్నప్పుడు పీతల కోసం ఆ బురదలో దిగినదాన్నే. అందుకే భయం. ఇక్కడి దుబాయ్ ఎడారిలో ఇసుక పిల్లల్ని ఏమీ చెయ్యదు, మహా అయితే బూట్లలో పడుతుంది. బురద అలా కాదు. కాలు పట్టుకుంటే వదలదు.

నేను దుబాయ్ వచ్చింది ఇళ్ళల్లో పనికి. కరోనా ఏడాది నేను పనిచేస్తున్న ఇంటివాళ్ళు సామాను సర్దుకుని ఇండియా వెళ్ళిపోయారు. సత్వాలో ఒక ఫ్లాట్‌లో కొంతమంది ఆడవాళ్ళం ఇరుక్కుని ఉండిపోయాం. బట్టలు కుట్టే నెల్లూరు ముస్లిం ఆవిడ ఒకామె, కుట్టడానికి బట్టలు రాక, ఊరికే కూర్చోలేక నాకు అక్షరాలు దిద్దించింది. యాభై దాటాక వచ్చిన అక్షరాలు. ఇప్పుడు ఇది రాస్తున్నది వాటితోనే. ఇంగ్లీషు మాత్రం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ అంతంతే.

అంతా మళ్ళీ తెరుచుకున్నాక ఈ పని దొరికింది. ఫ్లాట్లలో పెరిగే పిల్లల్ని శనివారాలు ఎడారికో, కొండలకో, సముద్రం ఒడ్డుకో తీసుకెళ్ళి అక్కడే పాఠం చెప్పే చిన్న సంస్థ అది. పాఠం టీచరమ్మది, బస్సు పెషావర్ నుంచి వచ్చిన డ్రైవర్ భాయ్‌ది. నీళ్ళ డబ్బా, మందుల డబ్బా, ఆడపిల్లల్ని బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళడం, నడిచేటప్పుడు అందరికంటే వెనక ఉండడం నా పని.

ఆ రోజుల్లో ఆ పిల్లల్ని చూస్తే దిగులేసేది. గదుల్లోనే రెండేళ్ళు పెరిగినవాళ్ళు. సాక్సులో ఇసుక పడిందని ఏడ్చిన పిల్ల ఉంది. "ఈ గాలి ఎవరు ఆపుతారు ఆంటీ?" అని అడిగిన పిల్లాడున్నాడు. డ్రైవర్ భాయ్ వాడితో, ఆపే స్విచ్ అబుదాబిలో ఉంటుందనీ, సెలవు కనక అది కూడా మూసేశారనీ చెప్పాడు. వాడు నమ్మాడు.

పిల్లల మెడల్లో పేర్ల కార్డులు ఇంగ్లీషులో ఉండేవి. నేను చదవలేను. అందుకని బస్సు మెట్ల దగ్గర నిలబడి బూట్లతో గుర్తు పెట్టుకునేదాన్ని. ఎక్కేటప్పుడు ముందు కనపడేవి అవే కదా. ఎర్ర చారల బూట్లు వచ్చాయి, తెల్లవి వచ్చాయి, అన్నకు చిన్నవైతే తమ్ముడికి వచ్చిన పెద్ద బూట్లు వచ్చాయి. దిగేటప్పుడు చూసిన బూట్లన్నీ ఎక్కేటప్పుడు చూస్తే నా లెక్క సరిపోయినట్టే.

ఊదారంగు బూట్లు బర్ దుబాయ్ పాపవి. మన తెలుగు పిల్లే. బట్టల కొట్ల పైన ఉండే ఒక ఫ్లాట్‌లో పుట్టి పెరిగింది. తండ్రికి జెబెల్ అలీలో గోడౌన్ ఉద్యోగం, శనివారాలు కూడా డ్యూటీ. తల్లి ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది. కరోనా తరవాత పిల్ల బాల్కనీలోకి కూడా రావడం లేదని ఆ తల్లే బలవంతాన మా బస్సెక్కించింది. మొదటిసారి ఆ పిల్ల బస్సు దిగనే లేదు. రెండోసారి దిగి నా చీర కొంగు పట్టుకుని నిలబడింది.

మడ అడవికి ముందు వారం మాత్రం వేరే పిల్లలా అయిపోయింది. ఆ వారం మేం ఎడారిలో గాఫ్ చెట్ల దగ్గరికి వెళ్ళాం. గాఫ్ అంటే మన జమ్మి చెట్టే. టీచరమ్మ అందరి చేతా బూట్లు విప్పించి, నక్క ఎలా నడుస్తుందో చూపించింది. వేళ్ళు ముందు, మడమ తరవాత, చప్పుడు లేకుండా. చప్పుడు చెయ్యకపోతే జంతువులు పారిపోవని చెప్పింది. తరవాత ఒక్కొక్కళ్ళను ఒక్కో చోట కూర్చోబెట్టి, గంట కొట్టేదాకా కదలకుండా, పలక్కుండా చూస్తూ ఉండమంది. ఈ పిల్ల కాళ్ళ దగ్గరికి ఒక బల్లి వచ్చింది. చాలాసేపు ఉంది. తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల నోరు మూయలేదు. బల్లి గొంతు ఎలా కొట్టుకుంది, కన్ను ఎలా తిప్పింది, అన్నీ చెప్పింది. పిల్లను దింపుకోవడానికి వచ్చిన తల్లి ఆ మాటలు వింటూ వీధిలోనే కళ్ళు తుడుచుకుంది.

అలా కూర్చునే వేళ పిల్లల్ని పిలవొద్దని టీచరమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. నాకు ఊరుకోవడం రాదు. ఎండలో ఉన్నావు, నీడలోకి జరుగు, నీళ్ళు తాగావా, అంటూ ఉంటాను. "అమ్మా, మీరు ఊకె పిలుస్తుంటే వాళ్ళు మిమ్మల్నే చూస్తరు. చెట్టును ఎప్పుడు చూడాలె?" అనేది. నిజమే. కానీ చూసే కళ్ళు చూస్తూనే ఉంటాయి, పిలిచే నోరు పిలుస్తూనే ఉంటుంది.

మడ అడవి ఉమ్ అల్ క్వైన్ వైపు. ఇసుక గట్టు, గట్టు కింద ఒక పాయ, పాయకు అటూ ఇటూ మడ చెట్లు. మా ఊరి చెట్లకంటే పొట్టివి. బురదలోంచి మేకుల్లా పైకి లేచిన వేళ్ళు మాత్రం అవే. వాసన కూడా అదే. 

టీచరమ్మ పిల్లల్ని గట్టు పొడుగునా దూరం దూరంగా కూర్చోబెట్టింది. ఎవరూ గట్టు దిగకూడదని చెప్పింది. నేను ఈ చివర, తను ఆ చివర. ఆ రోజు నేను నోరు కట్టేసుకుని కూర్చున్నాను. మధ్యలో ఒక పిల్లాడికి ముక్కు నుంచి రక్తం వచ్చింది. వాడి తల వంచి, ముక్కు నొక్కి పట్టుకుని, తడిగుడ్డ వేసి, కాసేపు వాడితోనే ఉన్నాను. ఆ కాసేపే.

గంట మోగింది. పిల్లలు లేచి వచ్చారు. నేను కమలాపండు తొనలు పంచుతూ కిందికి చూస్తున్నాను. ఎర్ర చారలు, తెల్లవి, తమ్ముడి పెద్ద బూట్లు. ఊదావి రాలేదు.

ఆ పిల్ల కూర్చున్న చోటికి నడిచాను. పరిగెత్తలేదు, మిగతా పిల్లలు బెదురుతారని. గట్టు అంచున, నీళ్ళకు మూరెడు పైన బూట్లున్నాయి. రెండూ పక్కపక్కన, ముందు భాగాలు నీళ్ళ వైపు తిప్పి. సాక్సులు మడత పెట్టి లోపల ఉన్నాయి. పిల్ల లేదు.

కాలవ పక్కన పుట్టినవాళ్ళకు ఒకటి తెలుసు. గట్టు మీద సర్దిపెట్టిన చెప్పులు కనిపిస్తే ఎవరివని ముందు అడగరు. చూసినవాళ్ళు కేక వేస్తారు, ఈత వచ్చినవాళ్ళు దూకుతారు. పేరు తరవాత. స్నానానికి దిగినవాళ్ళ చెప్పులు ఎలా పడితే అలా ఉంటాయి. సర్దిపెట్టిన చెప్పులు వేరు. నా చిన్నతనంలో మా పక్కింటి కోడలి చెప్పులు అలాగే కనిపించాయి. వాటిని మొదట చూసింది మా అమ్మ. ఆ రోజు మా అమ్మ వేసిన కేక ఎలా ఉందో, అదే కేక నా నోట్లోంచి వచ్చింది.

టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది. "నీళ్ళల్లో పడిపోయింది, పాయలో చూడండి" అన్నాను. "చూసిండ్రా మీరు?" అని అడిగింది. చూశానో లేదో నేను చెప్పలేదు. బూట్లు చూపించాను. "ఇక్కడ నీళ్ళ సంగతి నాకు తెలుసమ్మా, దిగండి" అన్నాను. నా ముఖం చూసి ఆమె ఇంకేం అడగలేదు. జేబులోంచి ఫోన్ తీసి ఇసుకలో పడేసి, బట్టలతో సహా దిగింది. డ్రైవర్ భాయ్ మిగతా పిల్లల్ని బస్సులోకి తోలి, తలుపు దగ్గర నిలబడి పోలీసులకు ఫోన్ చేశాడు.

పోటు అప్పటికే మొదలైంది. నీళ్ళు సముద్రం వైపు నుంచి పాయలోకి ఎగదన్నుతున్నాయి. అందుకని పైవైపు వెతకమన్నాను. టీచరమ్మ ఛాతీ లోతు నీళ్ళల్లో వంగి, చేతులతో అడుగు దేవుతూ ముందుకు పోతోంది. నేను గట్టు వెంబడి, ఆమెతో పాటు, పాప పేరు పిలుస్తూ పోతున్నాను. ఆగి విన్నాం. పలుకు లేదు. మళ్ళీ పిలిచాం. నీళ్ళల్లో ఏదో ఊదారంగు కనిపించి టీచరమ్మ మునిగింది. ప్లాస్టిక్ సంచి. అది చేతిలో పట్టుకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే.

ఎంతసేపు అలా పోయిందో తెలియదు. మేం చాలా దూరం వచ్చేశాం. అప్పుడు వెనక నుంచి డ్రైవర్ భాయ్ అరుపు. "అమ్మా, యల్లా, ఇధర్ ఆవో. ఈ పిల్ల ఏదో చెప్తోంది."

బస్సులో ఊదా బూట్ల పాప పక్కన కూర్చునే పిల్ల ఏడుస్తోంది. ఏమిటని అడిగితే టీచరమ్మ తిడుతుందని భయమంది. తిట్టదని చెప్పాను. అప్పుడు చెప్పింది. "పీతల ఇల్లు చూస్తా అంది ఆంటీ. షూస్ సౌండ్ చేస్తే అవి లోపలికి వెళ్ళిపోతాయి, ఫాక్స్ వాక్ చేస్తా అంది. నేను రానన్నాను."

టీచరమ్మ తడి బట్టలతో వచ్చి విన్నది.  "నేను చెప్పిందే చేసింది పిల్ల," అంది, ఎవరితోనో అన్నట్టు. ఇసుకలో చెప్పిన పాఠం బురదలో పనికిరాదని చెప్పడం ఆమెకు తట్టలేదు. నక్క నడక అన్న మాట కిందటి వారం బస్సులో ఆ పిల్ల నోట విన్న నాకు, ఆ బూట్లు చూసినప్పుడు మా ఊరి కాలవ తప్ప ఏమీ తట్టలేదు.

మళ్ళీ బూట్ల దగ్గరికి పరిగెత్తాం. ఈసారి నీళ్ళ వైపు కాక పక్కకు చూశాం. గట్టు తిరిగిన చోట, చెట్ల మధ్యకు పోయే బురదలో చిన్న అడుగులున్నాయి. వేళ్ళు లోతుగా, మడమ పైపైన. మేం చూస్తుండగానే ఆ అడుగుల్లోకి నీళ్ళు ఊరుతున్నాయి. ముందున్నవి అప్పటికే మాసిపోయాయి. మేం పాయ వెంట పోయిన సమయమంతా ఆ నీళ్ళు ఇటు కూడా ఎక్కుతూనే ఉన్నాయన్నమాట.

చెట్ల మధ్యకు దూరాం. ఒక్కో అడుగు పీకి పీకి వెయ్యాలి. నా చెప్పు ఒకటి బురదలోనే ఉండిపోయింది. కాసేపటికి ఒక వేరు మీద ఆల్చిప్పలు గుత్తిగా పట్టుకుని కనిపించాయి. వాటి మీద రక్తం. తాజాది. టీచరమ్మ పిలిచింది. నేను పిలిచాను. ఏ సమాధానమూ లేదు. నీళ్ళు నా తొడల దాకా వచ్చాయి. నేను తిరుపతి వెంకన్నకు ఏదో మొక్కుకోబోయాను. ఏం మొక్కుకోవాలో తోచలేదు.

కొమ్మలు పక్కకు నెట్టాను. అక్కడుంది.

ఒక పల్లంలో, చెట్టు మొదలు కౌగిలించుకుని నిలబడి ఉంది. నీళ్ళు దాని నడుం దాకా ఉన్నాయి. ఒక కాలు ఎత్తి వేరు మీద పెట్టుకుంది. మా వైపు తల తిప్పింది. ఏడుపు లేదు. వేలు పెదాల మీద పెట్టుకుని, "ష్. మూవ్ అవ్వకండి ఆంటీ" అంది.

దానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో, పక్క కొమ్మ మీద ఒక నల్ల కొంగ. మెడ ముడుచుకుని నీళ్ళల్లోకి చూస్తోంది. మమ్మల్ని లెక్కే చెయ్యలేదు.

నా వెనక టీచరమ్మ ఆగిపోయింది. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది. నిజం చెప్పాలంటే నేనూ ఆగాను. ఒక్క క్షణం. ఆ క్షణంలో నీళ్ళు దాని చొక్కా అంచుని లేపి తేల్చాయి. ఇక ఆగలేదు. రెండంగల్లో వెళ్ళి పిల్లను చంకలోకి లాక్కున్నాను. కొంగ రెక్కలు విప్పి నా ముఖం మీదుగా ఎగిరిపోయింది.

అప్పుడేడ్చింది పిల్ల. తెగిన కాలికి కాదు. "పోయింది. మీ వల్లే పోయింది" అని నా భుజం మీద కొట్టింది.

"మేం పిలుస్తుంటే వినపడలేదా తల్లీ?"

"వినపడింది. పలికితే అది ఎగిరిపోతుంది కదా. గంట కూడా వినపడింది. కాలు నొప్పి పెట్టింది, రాలేకపోయాను. ఇంతలో అది వచ్చింది."

 టీచరమ్మ పిల్ల కాలు తన చేతిలోకి తీసుకుని, గాయం చూసి, తలకు కట్టుకున్న గుడ్డ విప్పి కట్టింది.  బయటికి వచ్చేసరికి నీళ్ళు మేం వచ్చిన దారిని పూర్తిగా కప్పేశాయి. డ్రైవర్ భాయ్ పోలీసులకు మళ్ళీ ఫోన్ చేసి పిల్ల దొరికిందని చెప్పాడు. నేను బస్సు మెట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే, "ఖలాస్ అమ్మా, ఖలాస్, అయిపోయింది. బచ్చీ మిల్ గయీ. ఇప్పుడు ఏడిస్తే పిల్లలు నన్ను కూడా ఏడిపిస్తారు" అన్నాడు.

దారిలో క్లినిక్‌లో కుట్లు వేయించాం. టీచరమ్మ పాప తల్లికి ఫోన్ చేసి గాయమైందని మాత్రం చెప్పింది, మిగతాది ఎదురుగా చెప్పాలని. బర్ దుబాయ్‌లో బస్సు ఆగేసరికి తల్లి కొట్ల ముందు నిలబడి ఉంది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో కార్డు అలాగే ఉంది.

టీచరమ్మ అంతా చెప్పింది. ఇసుకలో నేర్పిన నడక, అది బురదలో వద్దని తను హెచ్చరించకపోవడం, పిల్ల కనపడకపోవడం, వెతికింది తప్పు వైపు అని కూడా. ఆ చివరి మాట అన్నప్పుడు నా పేరు ఎత్తలేదు. తల్లి మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"నీళ్ళు ఎంత వరకూ వచ్చాయి?"

టీచరమ్మ ఆగింది. చెయ్యి తన మోకాలి పైన పెట్టింది. "ఇంతవరకు మేడమ్." ఆమె అబద్ధమాడిందని నేను అనను. అది ఆమె ఎత్తులో సరిగ్గానే ఉందేమో. తల్లి ఆమెను వదిలి నా వైపు తిరిగింది.

"మీరు చెప్పండి ఆయమ్మగారూ. మీరు మన వైపువాళ్ళు. ఎంత వరకూ?"

చెబితే ఆ పిల్ల మళ్ళీ గడప దాటదని నాకు తెలుసు. బల్లి గొంతు గురించీ కొంగ గురించీ మళ్ళీ ఎవరికీ చెప్పదు. బాల్కనీ తలుపు మళ్ళీ మూసుకుంటుంది. చెప్పకపోతే ఆ తల్లి తెలియక మళ్ళీ పంపుతుంది. నాకు రెండూ భయమే.

"పాపకి నడుం దాకా వచ్చిందమ్మా," అన్నాను. "ఇంకా పెరుగుతోంది అప్పటికి."

తల్లి కూతురి వైపు చూసింది. పిల్ల ప్యాంటు మీద నడుం దగ్గర తెల్లటి ఉప్పు గీత ఆరిపోయి ఉంది. ఎవరమూ చూడలేదు దాన్ని. తల్లి అక్కడే కొట్టు మెట్టు మీద కూలబడింది. కొట్టువాడు నీళ్ళ సీసా తెచ్చాడు. "అమ్మా, కొంగ నా పక్కనే ఉంది తెలుసా," అంటోంది పిల్ల. తల్లికి వినపడలేదు. కాసేపటికి లేచి, "ఇంక లేదండీ. ఇదే ఆఖరు" అని పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంత పెద్ద పిల్లను ఎత్తుకునే మెట్లెక్కింది.

తరవాతి శనివారాల్లో ఆ పాప రాలేదు. టీచరమ్మ పద్ధతులు మార్చింది. ఇప్పుడు ఇద్దరిద్దర్ని కూర్చోబెడుతుంది, అందరి మెడల్లో ఈలలుంటాయి. నేను పిలిచినా ఏమీ అనదు. నాకే పిలవబుద్ధి కావడం లేదు.

కుట్లు విప్పిన కొన్నాళ్ళకు ఆ తల్లి నాకు ఫోన్ చేసింది. పిల్ల అలిగి మాట్లాడ్డం లేదని కాదు, మాట్లాడుతోంది, కానీ ఒకటే మాట మాట్లాడుతోందని చెప్పింది. కొంగ, కొంగ. "నేను రాత్రిళ్ళు ఆ నీళ్ళే చూస్తున్నానండీ. చూడని నీళ్ళు. ఒకసారి చూస్తే తప్ప నాకు నిద్ర పట్టదు. దాన్ని పంపాలా వద్దా అన్నది అక్కడ నిలబడి చెప్తాను" అంది.

ఆ తరవాతి శనివారం తల్లీ కూతురూ ఇద్దరూ బస్సెక్కారు. పాటు వేళ. నీళ్ళు బాగా తీసిపోయి, పాయ అడుగు కనిపిస్తోంది. టీచరమ్మ మిగతా పిల్లలతో గట్టు మీద ఉండి, పోటు తిరిగే ముందు ఈల వేస్తానని మమ్మల్ని ముగ్గుర్నీ పంపింది. పిల్లే దారి చూపించింది. తల్లికి బురద కొత్త. పడబోయి నన్ను పట్టుకుంది, వేళ్ళ మేకులు చూసి ఆగింది, మళ్ళీ నడిచింది.

"ఇక్కడే," అంది పిల్ల.

నీళ్ళు లేని ఆ పల్లం చిన్నదిగా, ఏ ప్రమాదమూ లేనిదానిలా ఉంది. కానీ చెట్టు మొదలు మీద పోటు నీళ్ళు ఎక్కిన మేర బురద చార కనిపిస్తోంది. తల్లి దగ్గరికి వెళ్ళి ఆ చార మీద అరచెయ్యి ఆనించింది. కూతురిని చెట్టు పక్కకు లాగి నిలబెట్టింది. చార పిల్ల గడ్డం దాకా వచ్చింది.

తల్లి చెయ్యి తియ్యలేదు. నేను ఆవిడ నోటి నుంచి ఏ మాట వస్తుందో అని చూస్తున్నాను. ఇక పోదాం పదండి అంటుందనుకున్నాను.

"కూర్చో అమ్మా," అంది పిల్ల. "మాట్లాడకు. మాట్లాడితే రావు."

తల్లి కూర్చోలేదు. వంగింది, ఒక చెయ్యి చార మీదే ఉంచి. చాలాసేపు ఏమీ కాలేదు. తరవాత బురదలో ఒక కన్నం లోంచి పీత ఒకటి సగం బయటికొచ్చి ఆగింది. ఇంకో కన్నం లోంచి ఇంకొకటి. పిల్ల ఊపిరి బిగబట్టింది. తల్లి పీతను చూడడం లేదు, చెట్ల సందుల్లోంచి దూరంగా ఉన్న నీళ్ళను చూస్తోంది. అవి తగ్గుతున్నాయో ఎక్కుతున్నాయో తెలియకుండా నిలబడి ఉన్నాయి. పోటుకీ పాటుకీ మధ్య కాసేపు అలాగే ఉంటాయి.

ఆవిడ నా వైపు తల తిప్పింది. పీతలు బెదరకుండా, పెదాలు మాత్రం కదిలించి అడిగింది.

"ఇంకా ఎంతసేపుంది?"

"కాసేపుందమ్మా," అన్నాను, నేనూ గొంతు ఎత్తకుండా.

ఆవిడ చెట్టు మీద నుంచి చెయ్యి తీసి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది.